బిళ్ల దిగిన మద్దిచెట్టు

నర్మద చెప్పిన అంకె, గట్టయ్య తిరిగి చెప్పేదాకా అంకె కాదు. అది వాళ్లిద్దరి మధ్యనున్న కట్టుబాటు. ఆమె చెట్టు మొదలు చుట్టూ టేపు వేసి, కొసలు కలిసినచోట కళ్లు చికిలించి చూసి, "నూట నలభై రెండు" అని కేక పెట్టేది. పదడుగుల దూరాన రాతి మీద రిజిస్టరుతో కూర్చున్న గట్టయ్య చెవికి చెయ్యి ఆనించి, "నూట నలభై రెండు" అని అంతే గట్టిగా అనేవాడు. ఆ తరువాతనే కలం కాగితాన్ని తాకేది. మూసీ వంతెనల మీద బస్సుల రొదలో ఒక అంకె ఇంకొకటిగా వినిపించే ప్రమాదం ఉన్నది కనుక, ఏనాటి అధికారో పెట్టిన పద్ధతి అది. అధికారి బదిలీ మీద వెళ్లిపోయాడు. పద్ధతి మాత్రం మిగిలింది.

గట్టయ్య పోయి మూడేళ్లయింది. ఇప్పుడు కేకా ఆమెదే, రాతా ఆమెదే. అయినా ప్రతి చెట్టు దగ్గరా అంకె పైకే చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆ తరువాతే రాసుకుంటుంది. అలా ఆగవలసిన పని లేదని ఆమెకూ తెలుసు.

నర్మదది మెదకు వైపు మంజీర ఒడ్డున ఒక పల్లె. లారీ మీద క్లీనరుగా పోయిన భర్త ఒక ప్రయాణం నుంచి తిరిగి రాలేదు. ఏ ఊరిలో దిగిపోయాడో చెప్పగలిగినవారు లేరు. పిల్లలు లేరు. ముప్పయ్యయిదేళ్ల వయసులో పట్నం వచ్చి, నాంపల్లిలో చెట్ల వివరాలు చూసే ఒక చిన్న కార్యాలయంలో మొక్కలకు నీళ్లు పోసే కూలిగా చేరింది. స్టేషను వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుంది. చెయ్యి వణకదు, అంకె మరువదు అని చూసి ఆమె చేతికి టేపు ఇచ్చారు. ఏడాదికొకమారు, రోహిణి కార్తెలో నీళ్లు అడుగంటినప్పుడు, మూసీ ఒడ్డున నలభై చెట్ల చుట్టుకొలత తీయడం ఆమె పని. వాటిలో ఎక్కువ ఏరుమద్దులు. నీటి ఒడ్డున తప్ప మనసు నిలపని చెట్లు కనుక ఆ పేరు.

మొదటి ఏడు ప్రతి చెట్టుకూ అంకె చెక్కిన అల్యూమినియం బిళ్ల ఒకటి మేకుతో కొట్టారు. ఎక్కడ కొట్టాలని గట్టయ్య అడిగితే, అధికారి నర్మద వైపు చూపి, "ఈవిడ గుండె ఎత్తున" అన్నాడు. ఆమె చెట్టును ఆనుకొని నిలబడితే, గట్టయ్య ఆమె భుజం కింద గురుతు పెట్టుకొని మేకు దించాడు. నాలుగడుగుల ఎత్తు.

రెండు మూడేళ్లు గడిచేసరికి చిక్కు వచ్చింది. గౌలిగూడకు దిగువన, నది ఒక్కసారిగా ఒంగే చోట, బయటి ఒడ్డున ఉన్న తొమ్మిదో చెట్టు బిళ్ల ఆమె గడ్డం దాకా పోయింది. అదే వంపులో, లోపలి ఒడ్డున ఉన్న పదిహేడో చెట్టు బిళ్ల మాత్రం ఆమె నడుము దగ్గరికి దిగింది.

"చెట్టు ఎదుగుతుంటే బిళ్లను గూడ ఎత్తుకపోతది," అన్నాడు గట్టయ్య, ఎంతో చదివినవాడిలాగ. "రోగమొచ్చిన చెట్టు కుంగుతది. గందుకే గీ పదిహేడు బిళ్లను దించుకుంటున్నది."

"మరి టేపు యాడ వెయ్యాలె గట్టన్నా? బిళ్ల కాడనా?"

"బిళ్లను నమ్ముకుంటే అయినట్లే! బిళ్ల మీదికి పోతది, కిందికి పోతది. నీ గుండె మాత్రం యాడికి పోతది అక్కా? గాడనే వెయ్యి."

ఆ మాట ఆమెకు నచ్చింది. తన గుండె ఒక కొలబద్ద అని ఆమెతో అన్నవారు అంతకుముందు లేరు. ఆనాటి నుంచి ప్రతి రోహిణి కార్తెకూ చెట్టు పక్కన నిలబడి, తన గుండె ఎక్కడికి తగిలితే అక్కడే టేపు చుట్టింది. మొదటి ఏడుతో కలిపి ఇరవై రెండు వేసవులు గడిచాయి.

తొమ్మిదో చెట్టు ఆమె చేతుల్లో మహావృక్షమయింది. నూట నలభైతో మొదలై రెండువందల అరవై రెండుకు చేరింది. నది ఒడ్డును కోసిన కొద్దీ దాని వేళ్లు జడల్లాగ బయటకి వేలాడేవి. "బలమొచ్చి వేళ్లు గూడ బయటికి పొంగినయ్" అని గట్టయ్య మురిసేవాడు. పదిహేడో చెట్టు నూట ఎనభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. ఆకు పచ్చగానే ఉండేది, వేసవిలో పూత పూసేది, కాని అంకె కదిలేది కాదు. దాని బిళ్ల మోకాలి దాకా దిగి, అయిదారేళ్ల కిందటి పెద్ద వరద తరువాత కనబడకుండా పోయింది. పాత సామాను ఏరుకునేవాళ్లు పీక్కుపోయి ఉంటారని గట్టయ్య తిట్టుకుంటూ కొత్తది కొట్టాడు. ఆ ఏడు కొలత రెండు సెంటీమీటర్లు తగ్గింది కూడా.

"నూట ఎనభై ఆరు," అని ఆమె చిన్నగా చెప్పింది.

"గట్టిగ చెప్పు అక్కా. తగ్గినంత మాత్రాన సిగ్గెందుకు? మనమూ తగ్గుతలేమా?"

మరి రెండేళ్లకు గట్టయ్యే తగ్గిపోయి, దవాఖానలో పదకొండు రోజులు పడుకొని, పన్నెండో రోజున పోయాడు.

*

నిరుడు దసరాకు ముందు, బస్టాండులోకి నీళ్లు వచ్చిన వరదలో, తొమ్మిదో చెట్టు పడిపోయింది. నీళ్లు తీసిన తరువాత నర్మద వెళ్లి చూసింది. అంత చెట్టూ నదికి అడ్డంగా, వేళ్లు ఆకాశానికి ఎత్తి, ఉతికి ఆరవేసిన బట్టలాగ పడి ఉంది. ఊరికే ఉండలేక టేపు తీసి, మొన్నటిదాకా నేల ఆనిన మట్టి మరక నుంచి బిళ్ల దాకా పట్టి చూసింది. ఏడడుగులు. ఇంత ఎత్తుకు బిళ్లను మోసిన చెట్టు ఇలా కూలడమేమిటని బాధపడింది తప్ప, ఇంకొక ఆలోచన రాలేదు.

జనవరిలో కార్యాలయానికి ఒక జాబితా వచ్చింది. నది వెంట నడకదారి వేస్తున్నారు, దారికి అడ్డమున్న చెట్లలో ఎదుగుదల లేనివాటిని తీసివేయవచ్చు. ఏది ఎదుగుతున్నది, ఏది లేదు అన్నది రిజిస్టరు చూసి రాయవలసిన బాధ్యత స్నేహలతది. ఆమె కొత్తగా వచ్చిన అధికారి, ముప్పయి దాటని మనిషి. తాతల కాలంలో బందరు నుంచి వచ్చి అబిడ్స్‌లో స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఎవరినీ ఏకవచనంలో పిలవదు.

"నర్మదగారూ, పదిహేడుకు ఎర్రరంగు వేయించాను. బుధవారం కొట్టేస్తారు. మీకు చెప్పకుండా చేయడం బాగుండదని పిలిచాను," అంది.

"అది మంచి చెట్టు మేడం," అంది నర్మద.

"కావచ్చునండీ. కాని చూడండి." స్నేహలత రిజిస్టరు ఆమె వైపు తిప్పింది. గట్టయ్య గుండ్రని దస్తూరీలో నూట ఎనభై ఎనిమిది, నూట ఎనభై తొమ్మిది, నూట ఎనభై ఎనిమిది. కింద చివరి మూడు వరుసలు ఆమె సొంత వంకర అక్షరాలు. "తొమ్మిదేళ్లుగా ఒక్క అంగుళం లేదు. ఇవి మీ కొలతలే కదా?"

"ఔ మేడం. నావే."

ఆ సాయంత్రం ఆమె తిన్నగా గదికి పోలేదు. ఏటేటా జరిగే పెద్ద ప్రదర్శన, నుమాయిష్ నడుస్తున్న రోజులు. నాంపల్లి అంతా బెలూన్లతో, పిల్లల చేతులు పట్టుకున్న కుటుంబాలతో నిండి ఉంది. అందరూ ఒక వైపుకు పోతుంటే ఎదురుగా నడిచే మనిషికి దారి దొరకదు. గోడవారగా నిలబడి, జనం తగ్గేదాకా ఆగింది. ఎవరి భుజమూ ఆమెకు తగలలేదు, ఎవరూ ఆమెను చూడలేదు.

*

ఆదివారం అబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు పరిచే భూపాల్ దగ్గరికి వెళ్లడం ఆమెకు అలవాటు. పుస్తకం కొనేది లేదు. గట్టయ్య తన చిత్తు రాతల కోసం ఖాళీగా మిగిలిన పాత డైరీలు అతని దగ్గరే కొనేవాడు, ఆ పరిచయం. గట్టయ్య పేరు ఇంకా పలికే మనిషి పట్నంలో ఆమెకు భూపాల్ ఒక్కడే.

"ఏందమ్మా, మొఖం గట్ల వాడిపోయింది?" అంటూ అతను పదో తరగతి గైడ్ల కట్ట పక్కకు జరిపి చోటిచ్చాడు.

"పదిహేడుకు ఎర్రరంగు పూసిన్రు. బుధవారం కొడతరట. నేనే చంపుకున్న దాన్ని."

"నువ్వేం చేసినవ్?"

"కొలిచిన."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. ఆమె మొదటి నుంచి చెప్పుకొచ్చింది. తొమ్మిదో చెట్టు బిళ్లను ఏడడుగులకు ఎత్తుకపోయిందన్న దగ్గర అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగాగు. చెట్టు బిళ్లను ఎత్తుకపోయిందని ఎవరు చెప్పిన్రు?"

"గట్టన్న."

"మంచోడేగని, గట్టన్న చెప్తే మూసీ పైకి పారుతదన్నా నమ్మేదానివి నువ్వు! మా ఇంటి ముందర వేపచెట్టుకు పెండ్లికి ముందు ఒక మేకు కొట్టిన, అంగీ తగిలించుకోవడానికి. ఇరవై ఏండ్లాయె. చెట్టు మిద్దె దాటిపోయింది. అంగీ ఇంకా గాడనే తగిలిస్తున్న. మేకును ఎత్తుకపోతే నేను రోజూ నిచ్చెన ఎక్కాలె గదా!" పక్కనున్న విజ్ఞానశాస్త్రపు పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. "గిండ్ల గూడ ఉంటది. చెట్టు కొసలల్ల పొడుగైతది. మొదలు లావైతదంతే. కొట్టిన మేకు కొట్టిన కాడనే ఉంటది."

"మరి తొమ్మిదోదాని బిళ్ల నా నెత్తి మీదికి ఎట్ల పోయింది?"

"నాకేమెరుక? అది మీదికి పోలేదంటే నువ్వే కిందికి పోయినట్టు!" అని, వచ్చిన బేరం వైపు తిరిగాడు.

అతను ఎగతాళికి అన్న మాట అది. కాని నర్మద లేచి నిలబడ్డ మనిషి అలాగే ఉండిపోయింది.

చిన్నప్పుడు మంజీర ఇసుకలో అమ్మ పుచ్చపాదులు పెట్టేది. ఏటేటా నది ఒంపు చూసి, లోపలి వైపునే తవ్వేది. అక్కడ నీళ్లు నెమ్మదిస్తాయి, మోసుకొచ్చిన ఒండ్రును దించిపోతాయి. బయటి వైపు నీళ్లు ఉరుకుతాయి, ఒడ్డును కొరుకుతాయి. "ఏరు ఒక చేత్తోని తీస్తది, ఇంకో చేత్తోని పెడతది బిడ్డా" అనేది అమ్మ. అది తెలిసిన పిల్ల, ఇరవై రెండేళ్లు అదే ఒంపు దగ్గర నిలబడి, తన కాళ్ల కింద ఏమి జరుగుతున్నదో ఒక్కనాడూ చూసుకోలేదు. తొమ్మిదో చెట్టు దగ్గర నది నేలను తీసింది. ఆమె ఏటికేడు దిగి, వేళ్ల వైపు లావుగా పరుచుకున్న మొదలు చుట్టూ టేపు వేసి, చెట్టు ఎదిగిందని మురిసింది. పదిహేడో చెట్టు దగ్గర నది నేలను పెట్టింది. ఆమె ఏటికేడు ఒండ్రు మీద ఎత్తుకు ఎక్కి, పైన సన్నబడే మాను చుట్టూ టేపు వేసి, చెట్టు ఆగిపోయిందని రాయించింది. చెట్టు లావెక్కిన కొద్దీ, తనూ సన్నని చోటికి ఎక్కింది. అంకె అక్కడే నిలబడింది.

బిళ్లను ఎవరూ పీక్కుపోలేదు. అది మట్టిలో ఉంది.

అబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచినంతసేపూ ఆమెను వెన్నాడినది చెట్టు కాదు. ఈ మాట బయట పెడితే పదిహేడు బతుకుతుంది, నిజమే. కాని ఆ రిజిస్టరు? ఎవరింటికీ పెద్దదిక్కు కాలేకపోయినా, ఎవరి ఫొటోలోనూ లేకపోయినా, ఆ నలభై చెట్ల అంకెలు మాత్రం తనవని ఆమె అనుకునేది. ప్రతి పుట అడుగునా గట్టయ్య సంతకం ఉంది. చెప్పకుండా ఊరుకుంటే అవన్నీ అలాగే ఉంటాయి. బుధవారం ఎలాగూ వస్తుంది, పోతుంది. రైలు పట్టాల వెంట గోడ దగ్గర రెండుసార్లు ఆగింది. రెండోసారి ఆగినప్పుడు, తవ్వేందుకు పార కార్యాలయం కొట్టులో ఏ మూల ఉన్నదో గుర్తు చేసుకుంటున్నానని ఆమెకే తెలిసివచ్చింది.

*

సోమవారం స్నేహలత అంతా విన్నది. మధ్యలో అడ్డురాలేదు. చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నర్మదగారూ, ఒక మాట ఆలోచించారా? మీరు చెప్పేది నిజమైతే తప్పు పదిహేడు ఒక్కదానిదే కాదు. ఒడ్డు పెరిగినచోటా, తరిగినచోటా, అన్ని చెట్లదీ. ఇరవై రెండేళ్ల రిజిస్టరు మీద 'ఈ అంకెలు పోల్చదగినవి కావు' అని నేను రాయవలసి వస్తుంది."

"ఔ మేడం."

"ఇకముందు కొలతలకు చెట్టుకే ఉక్కుపట్టీ బిగిస్తారు. ఏటేటా టేపు పట్టే పని ఉండదు."

"ఔ."

"గట్టయ్యగారి సంతకం ప్రతి పుట మీదా ఉంది."

ఆ మాటకు నర్మద తల వంచుకుంది. తరువాత ఎత్తింది. "గట్టన్న రాసింది తప్పు కాదు మేడం. నేను చెప్పిందే రాసిండు. గాడనే వెయ్యమన్నది ఆయనే, ఔ. కని నిలబడ్డది నేను. నా కాళ్ల కింద నేనే చూసుకోవాలె."

స్నేహలత రిజిస్టరు మూసింది. "రేపు ఉదయం వెళదాం. ఆ పాత బిళ్ల దొరికితే రంగు చెరిపిస్తాను. దొరకకపోతే నేనేమీ చేయలేను."

మంగళవారం పొద్దున్నే పార, తట్ట పట్టుకొని నర్మద ముందే చేరింది. ఎర్రని వలయం చుట్టుకొని పదిహేడో మద్ది నెమ్మదిగా ఆకు రాలుస్తూ నిలబడి ఉంది. గట్టయ్య తరువాత కొట్టిన కొత్త బిళ్ల కూడా మోకాలి కిందికి దిగి ఉంది. మాను నేలలోకి ఎలా దిగిందో ఆమె మొదటిసారి చూసింది. ఏ చెట్టయినా మొదట్లో వెడల్పయి, వేళ్లుగా చీలి, నేలను పట్టుకుంటుంది. ఇది పాతిన స్తంభంలాగ తిన్నగా మట్టిలోకి పోయింది. ఇంత కనబడే గురుతును ఇరవై రెండేళ్లు ఎలా దాటిపోయిందో!

వేళ్లకు గాయం కాకుండా పారతో పైమట్టి తీసి, ఆ తరువాత చేతులతో తోడింది. పై పొర మొన్నటి వరదది, మెత్తని నల్లని ఒండ్రు. దాని కింద ఒక ప్లాస్టిక్ సంచీ, గాజుముక్కలు. ఇంకా కింద సన్నని ఇసుక. పూడిన మాను పక్కలనుంచి వేలెడంత కొత్త వేళ్లు పుట్టి, ఒక్కొక్క మట్టిపొరలోకి విడివిడిగా పాకి ఉన్నాయి. నది పూడ్చిన ప్రతిసారీ ఈ చెట్టు మరొక అంతస్తున వేళ్లు వేసుకున్నదన్న మాట. రోగిష్టిదని తాము జాలిపడిన చెట్టు!

"దొరికిందా?" గట్టు మీది నుంచి స్నేహలత అడిగింది.

"ఇంకా లేదు మేడం."

మాను చుట్టూ గుంట నడుము లోతయింది. వీపు విరిగిపోతున్నది. గౌలిగూడ వైపు నుంచి బస్సుల హారన్లు ఎడతెగక వినిపిస్తున్నాయి. ఇంకొక జానెడు తోడిన తరువాత గోటికి చల్లగా ఏదో తగిలింది. బొటనవేలితో రుద్దింది. ముందు ఒకటి, ఆ తరువాత ఏడు.

బిళ్ల సగం దాకా బెరడు మింగేసి ఉంది. మేకు తల కనబడటం లేదు. కొట్టిన చోటనే ఉంది, ఒక్క వెంట్రుకవాసి కదలలేదు. గట్టయ్య సుత్తి తప్పి పక్కన పడిన దెబ్బ మచ్చ కూడా అలాగే ఉంది.

నర్మద టేపు తీసింది. గుంటలో మోకాళ్ల మీద కూర్చొని, మాను చుట్టూ చేతులు పోనిచ్చి, వేళ్ల సందుల్లోంచి కొస లాగి, బిళ్ల మీదుగా కలిపింది.

"పదిహేడు. రెండువందల ముప్పయి ఒకటి," అని కేక పెట్టి, ఆగింది.

స్నేహలతకు ఆ కట్టుబాటు తెలియదు. ఫోనులో రాసుకొని, బిళ్లకు నాలుగు ఫొటోలు తీసి, "చాలండీ. ఇది చాలు. రంగు ఈ రోజే చెరిపిస్తారు," అంది. గొంతులో సంతోషం దాచుకోలేదు. తట్ట ఎత్తడానికి వంగింది కూడా. అంతలో కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. చెట్టు కొట్టవద్దన్న కాగితం మధ్యాహ్నం లోపల పంపకపోతే రేపటి పని ఆగదట. "మీరు ఒక్కరే పూడ్చగలరా?" అని రెండుసార్లు అడిగి, నర్మద తల ఊపిన తరువాత వెళ్లింది.

గుంట అలా వదిలితే ఆ కొత్త వేళ్లు ఎండకు చస్తాయి. నర్మద తీసిన వరుసనే మట్టి వేసింది, ముందు ఇసుక, తరువాత ఒండ్రు. గాజుముక్కలు వేరుచేసి పక్కన పెట్టింది. మట్టి బిళ్ల అంచుకు వచ్చినప్పుడు చెయ్యి ఆపింది. ఇంకొక తట్ట వేస్తే అది మళ్లీ కనబడదు. ఇక దాన్ని చూడవలసిన పనీ ఎవరికీ లేదు. రిజిస్టరు మీద స్నేహలత ఈపాటికి 'పోల్చదగినవి కావు' అన్న ఆ వాక్యం రాస్తూ ఉంటుంది.

"రెండువందల ముప్పయి ఒకటి," అంది మళ్లీ, ఈసారి గట్టిగా కాదు.

గట్టయ్య చివరి ఏళ్లలో కూర్చున్న రాయి కోసం చూసింది. అదీ ఒండ్రులో మునిగి, వీపు మాత్రం కనబడుతున్నది. నీళ్లు తమ దారిన పోతున్నాయి. ఆమె లేచి వెళ్లి, ఆ రాతి మీద కూర్చొని, చెవికి చెయ్యి ఆనించుకుంది.

"రెండువందల ముప్పయి ఒకటి," అని గట్టిగా తిరిగి చెప్పింది.

ఆ తరువాత లేచి వెళ్లి, మిగిలిన మట్టి వేసింది.